కారణం రాయలేదు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున మదనపల్లెలో మా ఇంటి వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటూ ఉంటే, గేటు తీసుకుని ఒక పెద్దమనిషి లోపలికి వచ్చి, నేను ఎవరని అడిగేలోగానే వంగి నా కాళ్లకు దండం పెట్టబోయాడు. తల పూర్తిగా నెరిసిపోయి, చూడబోతే నాకంటే రెండేళ్లు పెద్దవాడిలా ఉన్న మనిషి అట్లా వంగేసరికి నాకు సిగ్గేసి భుజాలు పట్టుకుని లేపాను. పుంగనూరు హైస్కూల్లో నా దగ్గర లెక్కలు చదువుకున్నానని, ఇంజనీరై కాలవలూ చెరువుకట్టలూ చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యానని చెప్పి, ఒక ప్లాస్టిక్ కవరులోంచి నాలుగు మడతల కాగితం తీసి, చంటిబిడ్డను అందించినట్టు రెండు చేతులతో నాకు అందించాడు.

తొమ్మిదో తరగతి టెస్టు పేపరది. మడతల దగ్గర చిరిగిపోతే వెనక అతుకులు వేసుకున్నాడు. ఇరవై ఐదుకు ఇరవై రెండు మార్కులు. జామెట్రీ లెక్క పక్కన ఎర్ర పెన్సిలుతో రెండు వాక్యాలు ఉన్నాయి: "కారణం రాయలేదు. కారణం లేకుండా ఏ మెట్టూ నిలబడదు." ఈ రెండు మాటలే తనను మనిషిని చేశాయని, కింద పనిచేసిన కుర్ర ఇంజనీర్లందరికీ ముప్పై ఏళ్లు ఇవే చెప్పానని, తన దగ్గర మిగిలిన ఆస్తి ఇదేనని ఆయన కళ్లు తుడుచుకుంటూ చెబుతుంటే నేను తల ఊపుతూ కూర్చున్నాను. ఆ చేతిరాత నాదే. నెత్తిన టోపీ లేకుండా బోడిగా రాసే ఆ అయిదు నాదే, తోక కిందికి లాగిన ఆ 'ణ' నాదే. కానీ ఆ మాటలు నేను రాయలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. కాఫీ ఇప్పించి, కాగితం నాలుగు రోజులు ఉంచుకుంటానని అడిగి తీసుకుని, గేటు దాకా పోయి సాగనంపి వచ్చాను. డెబ్బై ఐదేళ్ల ముసలాణ్ణి, ఇంకా పరువు కోసం పాకులాడుతున్నానంటే నన్ను ఏమనాలో మీరే చెప్పండి.

మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు, ఆ రోజుల్లో హైస్కూల్లో లెక్కలు రెండు రకాలు. ఎనిమిది దాకా అందరూ ఒకటే చదివేవాళ్లు. తొమ్మిదిలోకి వచ్చేసరికి దారి చీలిపోయేది. బీజగణితం, సిద్ధాంతాలూ నిరూపణలూ ఉన్న జామెట్రీ, త్రికోణమితి, సంవర్గమానాలు ఇవన్నీ ఉన్నది కాంపోజిట్ మ్యాథ్స్. శాతాలు, వైశాల్యాలు, కాలము-పని లాంటి బతుకుతెరువు లెక్కలు ఉన్నది జనరల్ మ్యాథ్స్. కాంపోజిట్ చదివినవాడికే కాలేజీలో లెక్కల గ్రూపు, అక్కణ్ణుంచి పాలిటెక్నిక్కో ఇంజనీరింగో. జనరల్ చదివినవాడు ఎంత బాగా పాసైనా ఆ వైపు తలుపు మూసేసినట్టే. పద్నాలుగేళ్ల పిల్లకో పిల్లోడికో ఆ తలుపు తీయాలా మూయాలా అనేది తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియను కూడా తెలియదు. లెక్కల అయ్యవారు ఒక తెల్లకాగితం మీద నిలువుగీత గీసి, ఎడమపక్క కాంపోజిట్ పేర్లు, కుడిపక్క జనరల్ పేర్లు రాసి హెడ్మాస్టరు గది పక్క గోడకు అంటిస్తే అదే రాత. ఆడపిల్లలు మామూలుగా కుడిపక్కే. ఎవరూ నిర్ణయించలేదు, అట్లా అలవాటైపోయింది, అంతే.

పుంగనూరులో ఆ కాగితం రాసే పని నాకు వచ్చినప్పుడు నా వయసు ఇరవై నాలుగు. మదనపల్లెలో డిగ్రీ చదివి, బీఎడ్ ముగించుకుని, సొంత ఊళ్లోనే పోస్టింగు దొరికిందని నెలరోజులు నేల మీద నడవలేదు. మా నాయన అదే ఊళ్లో పశువులాస్పత్రిలో కాంపౌండరు. సంతరోజు రైతులు ఆవులను తోలుకొస్తే మందు గొట్టాలతో నోట్లో పోసి ఆయన ఇంటికి వచ్చేసరికి చొక్కా నిండా పేడమరకలే. నా తర్వాత పదేళ్లకు పుట్టిన చెల్లెలు ఒక్కతే. నేను చేరిన ఏడే అది ఎనిమిదో తరగతి, నా క్లాసులోనే మూడో బెంచీ.

ఇంట్లో నన్ను అన్నా అని పిలిచేది, స్కూల్లో సార్ అనేది, ఆ తేడా ఒక్కరోజు కూడా తప్పలేదు. లెక్క బోర్డు మీద వేసి నేను వెనక్కి తిరిగేలోగా దాని నోట్సులో జవాబు ఉండేది. ఆ జవాబు కోసం నేను రెండు మెట్లు వేస్తే అది ఒక మెట్టు వేసేది, ఆ మెట్టు నాకు తోచనిది. నిజం చెప్పాలంటే అప్పుడప్పుడూ దాని నోట్సు చూసి మరుసటి ఏడు క్లాసులో ఆ పద్ధతే చెప్పేవాణ్ణి. ఇంజనీరు కావాలని అది ఎప్పుడూ అనలేదు. మన ఇళ్లల్లో ఆడపిల్లలు అట్లాంటి మాటలు అనేవాళ్లు కాదు. లెక్కలు చదవాలన్నా అనేది, అంతే. ఎంతవరకు అంటే, ఉన్నంతవరకు అనేది.

ఆ ఏడు పరీక్షలు ముగిసినాక లిస్టు రాసి అంటించమని హెడ్మాస్టరు నాకే అప్పగించాడు. ఎవర్ని ఎటు వేయాలో ఆయన ఒక్క మాట చెప్పలేదు, నువ్వే సూసుకో అప్పా అని ఊరుకున్నాడు. స్టాఫ్‌రూములో కాగితం పరుచుకుని స్కేలుతో గీత గీశాను. ఎడమపక్క మొదటి పేరు నా చెల్లెలిదే రాశాను. రెండోది ఆస్పత్రి డాక్టరుగారి కూతురిది, ఆయన ముందురోజే వచ్చి అడిగిపోయాడు. అప్పుడే డ్రిల్లు మాస్టరు టీ గ్లాసుతో లోపలికి వచ్చి, నా భుజం మీదుగా తొంగి చూసి, "ఏమప్పా, మీ ఇంటోళ్లకు ముందే సీటు ఏసేసినావా?" అని నవ్వి, గ్లాసు కిటికీలో పెట్టి వెళ్లిపోయాడు. వేళాకోళం మనిషి, ఎవర్ని చూసినా ఒక మాట విసరకుండా ఉండలేడు. మధ్యాహ్నానికి ఆ మాట ఆయనకే గుర్తుండి ఉండదు.

నాకు మాత్రం చెవుల్లో నిప్పు పోసినట్టయింది. నాకంటే ముందున్న అయ్యవారు తన బంధువుల పిల్లల్నందరినీ కాంపోజిట్‌లోకి తోసేశాడని ఊళ్లో చెడ్డపేరు ఉండేది. నేను అట్లాంటివాణ్ణి కాదని, ముక్కుసూటి మనిషినని అందరూ అనుకోవాలని నా ఆరాటం. పొగరు, ఇంకేమీ కాదు. ఆ కాగితం చింపి ఇంకొకటి తీసుకున్నాను. డాక్టరుగారి కూతురి పేరు మొదట రాశాను. నా చెల్లెలి పేరు కుడిపక్క, కిందినుంచి మూడోది. బంక పూసి నా చేత్తోనే గోడకు అంటించి, గొప్ప న్యాయం చేసినవాడిలా తలెత్తుకుని ఇంటికి వచ్చాను.

సాయంత్రం అది స్నేహితురాళ్లతో పోయి లిస్టు చూసుకుని వచ్చింది. పెరట్లో అమ్మ పిండి రుబ్బుతూ ఉంటే పక్కన తలవంచుకుని కూర్చుంది. నేను చేతులు కడుక్కోవడానికి పోతే తల ఎత్తి, "యాల అన్నా, నన్ను జనరల్లో ఏసినారు?" అని అడిగింది. ఏడ్చి ఉంటే, గొడవ చేసి ఉంటే ఏమయ్యేదో తెలియదు. లెక్కలో ఒక మెట్టు ఎందుకో అర్థం కానట్టు అడిగింది. ఆడపిల్లల సంఖ్య ఎక్కువ కాకూడదని హెడ్మాస్టరు అన్నాడని అబద్ధం చెప్పాను. అట్లనా అని మళ్లీ తలవంచుకుంది. నాయన ఆ విషయమే ఎత్తలేదు. ఇంట్లో అయ్యవారు ఉండాడు, ఆయన సూసుకుంటాడు అని ఆయన ధైర్యం.

తొమ్మిదో తరగతి కాంపోజిట్ వాళ్లకు వారానికొక టెస్టు పెట్టి, దిద్దడానికి పేపర్ల కట్ట ఇంటికి తెచ్చేవాణ్ణి. దిద్దడమంటే నాకు మహా బద్ధకం. ఒక ఆదివారం నేను తలంటు పోసుకుని వచ్చేసరికి, వరండాలో చెల్లెలు ఆ కట్ట విప్పి, నా ఎర్ర పెన్సిలు తీసుకుని సగం పేపర్లు దిద్దేసింది. తిట్టబోయి, ఒకటి తీసి చూశాను, తర్వాత ఇంకొకటి. ఒక్క తప్పు లేదు. కాంపోజిట్ పుస్తకం దానికి లేదు, ఆ క్లాసులో అది కూర్చోలేదు, నా అలమారలోని పుస్తకాలు చూసుకుని, పిల్లలు చేసిన తప్పులు చూసుకుని నేర్చుకుంది. ఎదుటివాళ్ల తప్పులు దిద్దుతూ లెక్కలు నేర్చుకున్న మనిషిని నా సర్వీసులో ఇంకొకరిని చూడలేదు.

ఆ రోజు నుంచి దిద్దే పని దానిదైపోయింది. పిల్లలకు అనుమానం రాకూడదని నా చేతిరాత నేర్చుకోమన్నాను. పదిరోజులకు నేనే గుర్తుపట్టలేనట్టు రాసింది, నా బోడి అయిదుతో సహా. ఆ రెండేళ్లూ కాంపోజిట్ పిల్లలు నన్ను తెగ మెచ్చుకునేవాళ్లు, సార్ తప్పు చూపించడమే కాకుండా ఎందుకు తప్పో రాస్తారు, అట్లాంటి అయ్యవారు జిల్లాలోనే లేడు అని. డాక్టరుగారి కూతురు తెలుగు క్లాసులో మా చెల్లెలి పక్కనే కూర్చుని తన టెస్టు పేపరు తీసి మురిసిపోతూ చూపించేదట. అది ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేది. నేనూ నవ్వేవాణ్ణి.

పదో తరగతిలో జనరల్ లెక్కల్లో దానికి వచ్చినన్ని మార్కులు స్కూల్లో ఎవరికీ రాలేదు. మార్కులు చూస్తే కాలేజీవాళ్లు తప్పకుండా తీసుకుంటారులే అని నాకు నేనే చెప్పుకుని, మదనపల్లె బస్సెక్కించి తీసుకుపోయాను. అదీ బాగా నమ్మింది. కొత్త రిబ్బను కట్టుకుంది. క్లర్కు మార్కుల లిస్టు పైనుంచి కిందికి చూసి, జనరల్ అన్న మాట దగ్గర వేలు పెట్టి, లెక్కల గ్రూపు కుదరదు, చరిత్ర గ్రూపు అయితే ఇప్పుడే రాసుకుంటా అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, రూలు అట్లాంటిది. నేను బతిమాలాను, నేనూ అయ్యవారినే అన్నాను, ఇంకా ఏదేదో అన్నాను. చెల్లెలు నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగి, "పదన్నా, పోదాం" అంది. పుంగనూరు వచ్చేదాకా బస్సు కిటికీలోంచి బయటికే చూసింది. చరిత్ర గ్రూపు వద్దంది. ఎంత చెప్పినా వద్దంది.

మరుసటి ఏడు నాకు కుప్పం బదిలీ అయింది. నాకు ఇంకా పెళ్లి కాలేదు కాబట్టి వంటకు తోడుగా చెల్లెల్ని పంపించారు. సగం అరవం, సగం కన్నడం కలిసిన ఆ ఊరి తెలుగు దానికి భలే ఇష్టంగా ఉండేది, కూరగాయల అంగట్లో వాళ్లలాగే మాట్లాడి నన్ను నవ్వించేది. పొద్దున సంగటి కెలికి, సాయంత్రం పేపర్లు దిద్దేది. పదో తరగతి ప్రైవేటుగా మళ్లీ కట్టి కాంపోజిట్ రాయొచ్చని ఎవరో చెప్పారని ఒకరోజు నాతో అంది. చూద్దాంలే, వచ్చే ఏడు కడదాం అన్నాను. మరుసటి ఏడు కూడా అదే అన్నాను. ఆ మాట ఎందుకు అన్నానంటే, అది చదువులో పడితే నాకు వండిపెట్టేదెవరు, నా కట్టలు దిద్దేదెవరు? ఇంత నీచమైన కారణం మనసులో ఉందని అప్పుడు నాకే తెలియదు. ఇప్పుడు తెలుస్తోంది, ఏం లాభం.

మూడో ఏడు కూడా ఫీజు గడువు దాటిపోయింది. ఆ సాయంత్రం నేను తెచ్చిన కట్టను విప్పకుండానే నా మేజా మీద పెట్టి, పక్కన ఎర్ర పెన్సిలు పెట్టి, "ఇంక నేను దిద్దనన్నా" అంది. కోపంగా లేదు. అలసిపోయినట్టు ఉంది. ఆ తర్వాత అది పెన్సిలు పట్టుకోగా నేను చూడలేదు.

తర్వాత రామసముద్రం పక్క పల్లెకు ఇచ్చి పెళ్లి చేశాం. బావ మంచివాడే. వర్షం వస్తే చెనిక్కాయలు, రాకపోతే ఏమీ లేదు, అట్లాంటి మెట్టసేద్యం. ఎనభైల్లో వరసగా వానలు లేక భూమి నోరు తెరిచిన ఏండ్లలో ఒకసారి ఆయన జబ్బుపడి, ఆస్పత్రికి తీసుకుపోయేలోగానే పోయాడు. చెల్లెలు ఆ ఊరి బాలవాడీలో ఆయాగా చేరి ముప్పై ఏళ్లు పిల్లలకు వండిపెట్టింది. పలక మీద అంకెలు దిద్దించడం టీచరమ్మ పని, దానిది పొయ్యి పని. దాని కొడుకు చిన్నప్పుడు లెక్క చెప్పమని వస్తే, నాకు లెక్కలు రావు నాయనా, మీ మామను అడుగు అనేదట. ఆ మాట నా ముందరే రెండు మూడుసార్లు అంది. వినయమనుకున్నాను. కోపమేమో అని కూడా అనుకున్నాను.

ఆ ఇంజనీరు ఇచ్చిపోయిన కాగితం జేబులో పెట్టుకుని పోయిన వారం రామసముద్రం బస్సెక్కాను. నేను పోయేసరికి చెల్లెలు అరుగు మీద కూర్చుని విత్తనాలకు చెనిక్కాయలు ఒలుస్తూ ఉంది. అన్నం తిన్నావా అని అడిగింది, మజ్జిగ ఇచ్చింది. కాగితం అందిస్తే చెయ్యి కొంగుకు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, వెలుతురు పక్కకు తిప్పుకుని చూసింది. ఎవరిదని అడగలేదు. ఎర్ర అక్షరాలను వేలితో ఒకసారి తడిమి, తర్వాత లెక్కలు ఒక్కొక్కటే పైనుంచి చదువుకుంటూ పోయింది. నాలుగో లెక్క దగ్గర ఆగింది.

"ఈడ సూడన్నా, ఈ పిల్లోడు మైనస్ ఇడిసిపెట్టినాడు. కింది లైన్లో ఇంగో మైనస్ ఇడిసినాడు. రెండు తప్పులూ ఒగదానికొగటి సరిపోయి జవాబు కుదిరింది. నేను సూసుకోకుండా ఫుల్లు మార్కులు ఏసేసినా" అంది. రెండు మార్కులు తియ్యాల అని కాగితం నాకు తిరిగి ఇచ్చింది. నలభై ఏళ్లకు పైగా లెక్కలు రావన్న మనిషి, అరవై దాటిన కళ్లతో, నేనూ ఆ ఇంజనీరూ ఏనాడూ చూడని తప్పు ఒక్క చూపులో పట్టుకుంది.

అప్పుడు నేను ఆగలేకపోయాను. నిన్ను జనరల్లో వేసింది హెడ్మాస్టరు కాదమ్మా, నేనే అని చెప్పేశాను. అది ఒలవడం ఆపలేదు. "తెలుసు గదన్నా. గోడ మీది లిస్టు నీ చేత్తో రాసిందే. నీ అయిదు నాకు తెలీదా?" అంది. మరి ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదంటే, నువ్వే చెప్తావులే అనుకుంటి అంది. డ్రిల్లు మాస్టరు మాట, చింపేసిన మొదటి కాగితం, ఎడమపక్క మొదట రాసిన దాని పేరు, అంతా చెప్పాను. చెనిక్కాయ పట్టుకున్న వేళ్లు అట్లే ఆగిపోయాయి.

"అంతేనా?" అంది. "నా లెక్కల్లో యాడో ఒక లోపం సూసినావు, నా మనసు నొప్పించలేక చెప్పలేదు అనుకుంటి అన్నా, ఇన్నాళ్లూ" అంది. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. కోపమనీ వినయమనీ నేను అనుకున్నది రెండూ కాదు. నిజంగానే తనకు లెక్కలు రావని నమ్మి బతికింది నా చెల్లెలు. బస్సు వచ్చేదాకా నేను ఆ అరుగు మీద కూర్చుని ముసలితనంలో సిగ్గు లేకుండా ఏడ్చాను. అది ఓదార్చలేదు, పొమ్మనలేదు.

ఇప్పుడు కాంపోజిట్ లేదు, జనరల్ లేదు. ఎప్పుడో ఎత్తేశారు. మా మనవరాలు, దాని క్లాసులోని మగపిల్లలు, అందరూ ఒకే పుస్తకం చదువుతారు. ఏ అయ్యవారూ కాగితం మీద గీత గీసి పిల్లల్ని అటూ ఇటూ పంచడు. గోడకు లిస్టులు అంటించే రోజులే పోయాయి. మంచి జరిగింది, కాదనను. మా చెల్లెలు ఇంకొక పదిహేనేళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే అని తలుచుకుంటాను. తలుచుకుని, అప్పుడైనా దాని పక్కన నాలాంటి అన్నే ఉండి ఉంటాడు కదా అనుకుని ఊరుకుంటాను.

ఇంటికి వచ్చినాక ఆ ఇంజనీరుకు ఫోను చేసి, ఆ రెండు వాక్యాలు రాసింది నేను కాదని, ఎవరు రాశారో, ఎట్లా రాశారో అంతా చెప్పాను. ఆయన అంతా విని, అమ్మగారు ఎంతవరకు చదువుకున్నారు సార్ అని అడిగాడు.

పదో తరగతి, జనరల్ అని చెప్పాను.